సిల్కో గొప్పలు, ఫోనెన్ ఫిర్యాదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే చోటు గురించి ఉన్నాయి. మొన్న ఒక ప్రశ్నకు జవాబులో నుబియా (ఈజిప్టు దక్షిణాన, సూడాన్ ఉత్తరాన నైలు ఒడ్డు సీమ) పేరు ఊరికే ఒక ముక్క రాసి వదిలేశాను, దాని ఫలితం ఇది. నాకు ఇష్టమైన సబ్జెక్టు కాబట్టి మిగతా ఉత్తరాలు వచ్చే సంచికకు జరిపాను, ఏమనుకోకండి.

*ప్రశ్న: మాష్టారూ, మా అబ్బాయి ఈజిప్టులో వెల్డింగ్ పనికి వెళ్ళాడు. సెలవు రోజున అస్వాన్ డ్యామ్ దగ్గర కలాబ్షా అనే గుడి చూసి ఫోటోలు పంపాడు. అక్కడ గోడ మీద గ్రీకు అక్షరాలున్నాయట, సిల్కో అనే రాజు తన గొప్పలు రాయించుకున్నాడట, కానీ ఆయన ఈజిప్టు రాజు కాదట. మరి ఎవరు? — ఒక పాఠకురాలు, సోంపేట*

అమ్మా, మీ అబ్బాయిని మెచ్చుకోవాలి. ఆ గుడికి వెళ్ళినవాళ్ళలో చాలామంది సెల్ఫీ దిగి వచ్చేస్తారు, గోడ మీద ఏముందో అడగరు.

సిల్కో నొబాటియా రాజు. నైలు నదిలో అక్కడక్కడా రాళ్ళు అడ్డం వచ్చి పడవలు సాగని చోట్లు ఆరు ఉన్నాయి, వాటినే జలపాతాలంటారు. అస్వాన్ దగ్గర మొదటిది. అక్కడినుంచి దక్షిణంగా ఇంచుమించు మూడోదాని వరకు ఈ రాజ్యం, అంటే ఇవాళ్టి ఈజిప్టు అడుగుభాగమూ సూడాన్ పైభాగమూ. అంతకుముందు ఆ ప్రాంతమంతా మెరోయె నుంచి పాలించిన కుష్ రాజులది. నాలుగో శతాబ్దంలో ఆ రాజ్యం కూలాక దాని నేల మీద మూడు రాజ్యాలు లేచాయి: ఉత్తరాన ఫరస్ రాజధానిగా నొబాటియా, మధ్యలో డొంగోలా రాజధానిగా మకురియా, ఇవాళ్టి ఖార్టూమ్ దగ్గర సోబా రాజధానిగా అలోడియా. మూడింట్లో చిన్నది నొబాటియాయే, కానీ రోమన్లకు గడప పక్కనే ఉండడంతో దాని గురించే ఎక్కువ కాగితం మిగిలింది.

రోమన్లతో సంబంధం కూడా వింతే. ప్రొకోపియస్ అనే ఆరో శతాబ్దపు చరిత్రకారుడు రాసినదాని ప్రకారం, డయోక్లీషియన్ చక్రవర్తి అక్కడి సరిహద్దు కాపలాకు అయ్యే ఖర్చు దండగ అనుకుని సైన్యాన్ని మొదటి జలపాతం దాకా వెనక్కి తెచ్చుకున్నాడు (298 ప్రాంతం). వదిలేసిన నేలను నొబాటియా వాళ్ళకిచ్చి, ఎడారిలోంచి వచ్చి దోచుకుపోయే బ్లెమ్మీలను మీరు ఆపండి అన్నాడు. దోచుకోకుండా ఉంటే ఏటా ఇంత బంగారం అని ఇద్దరికీ కట్టాడు కూడా. తన కాలం దాకా బంగారం పుచ్చుకుంటూనే ఉన్నారు, దోపిడీ మాత్రం మానలేదు అని ప్రొకోపియస్ విసుక్కుంటాడు. మామూలు పుచ్చుకుని కూడా పని చెయ్యనివాళ్ళు అప్పుడూ ఉన్నారన్నమాట.

ఇక గోడ మీది సంగతి. అయిదో శతాబ్దంలో సిల్కో ఆ బ్లెమ్మీల మీదికే వెళ్ళి కలాబ్షా పట్టుకున్నాడు (అప్పటి పేరు తల్మిస్). గెలిచి, వాళ్ళ గుడి గోడ మీదే గ్రీకులో రాయించాడు. నేను నొబాటియన్లకూ ఇతియోపియన్లందరికీ రాజును, దేవుడు నాకు విజయమిచ్చాడు, వాళ్ళు వచ్చి బతిమాలితే సంధి చేసుకున్నాను, తమ విగ్రహాల మీద ఒట్టేశారు, ఆ ఒట్టు నమ్మాను, ఇదీ దాని సారం (ఇతియోపియన్లంటే ఇవాళ్టి ఇతియోపియావాళ్ళే కాదు, ఈజిప్టుకు దక్షిణాది జనానికి గ్రీకులో పేరు). తర్వాత స్వరం పెరుగుతుంది. నేను మిగతా రాజుల వెనక నడిచేవాణ్ణి కాను, ముందు నడిచేవాణ్ణి, నాతో పెట్టుకున్నవాళ్ళను నీడన కూర్చోనివ్వను, ఎండలోనే కూర్చోబెడతాను, ఇంట్లో గుక్కెడు నీళ్ళు తాగనివ్వను అంటాడు. మే నెలలో మన సోంపేట బస్టాండులో నిలబడ్డవాళ్ళకు ఆ శిక్ష ఎంతటిదో చెప్పక్కర్లేదు.

ఇంత గర్జించి తనను తాను పిలుచుకున్న గ్రీకు మాట బసిలిస్కోస్. అక్షరాలా అయితే చిన్నరాజు అని! దాని మీద పండితులు బోలెడు కొట్టుకున్నారు. ఇతియోపియన్లందరికీ రాజునన్న మాటను మాత్రం మరీ పట్టించుకోకండి. ఇంచుమించు ఆ కాలంలోనే మన సింగుపురం, ముఖలింగం వైపు రాజులు సకల కళింగాధిపతులమని రాగి రేకుల మీద రాయించుకున్నారు, వాళ్ళ చేతిలో ఉన్నది ఎన్ని ఊళ్ళో మనకు తెలుసు.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఇది. ఓడినవాడి మాట కూడా దొరికింది! 1976లో కస్ర్ ఇబ్రీమ్ అనే కొండకోటలో ఒక ఉత్తరం బయటపడింది. బ్లెమ్మీల రాజు ఫోనెన్, సిల్కో తర్వాత నొబాటియా రాజైన అబుర్నీకి తప్పులతడక గ్రీకులో పాపిరస్ మీద రాసింది. అందులో ఏడుపంతా ఒక్కటే: ముందు సిల్కో గెలిచి తల్మిస్ తీసుకున్నాడు, ఇప్పుడు నువ్వు తీసుకున్నావు, మీ భూమి మీకిస్తాను, గొర్రెలూ ఆవులూ ఒంటెలూ తెమ్మని సిల్కో అన్నాడు, అన్నీ ఇచ్చాను, అయినా మమ్మల్ని లెక్కచెయ్యలేదు, భూమి ఇవ్వలేదు. గోడ మీద సిల్కో సంధి చేసుకున్నానన్నాడే గాని పశువుల మాట ఎత్తలేదు చూడండి. గట్టు తగాదాలో వాది కాగితం, ప్రతివాది కాగితం రెండూ చేతికొచ్చినట్టుంది. ఆ కాలపు చరిత్రలో ఇలా రెండు వైపులా దొరకడం చాలా అరుదు, మన దగ్గర శాసనాల్లో ఎప్పుడూ గెలిచినవాడే మాట్లాడతాడు.

*ప్రశ్న: సర్, డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. నొబాటియాను క్రైస్తవంలోకి మార్చడానికి జస్టీనియన్ చక్రవర్తి, ఆయన భార్య పోటీపడ్డారని ఒక వీడియోలో విన్నాను. నిజమా, కల్పించి చెప్పారా? — ఒక విద్యార్థి, విజయనగరం*

వీడియోవాళ్ళు కల్పించలేదు బాబూ, కానీ ఒక సంగతి దాచారు. కథ చెప్పినవాడు ఎఫెసుస్ జాన్ అనే బిషప్. ఆయన రాణి పార్టీ.

451లో చాల్సెడాన్ సభ జరిగినప్పటినుంచి క్రీస్తు స్వభావం ఒకటా రెండా అని చర్చి రెండుగా చీలింది. రోమన్ చక్రవర్తి జస్టీనియన్ రెండు అన్న సభ తీర్మానం వైపు, ఆయన భార్య థియోడోరా రాణి ఒకటే అనేవాళ్ళ వైపు. ఒకే ఇంట్లో రెండు పార్టీల జెండాలన్నమాట. 543 ప్రాంతంలో రాణి జూలియన్ అనే పూజారిని నొబాటియాకు పంపాలనుకుంది. భర్త పోటీగా తన మనుషుల్ని బంగారం, బట్టలతో బయల్దేరదీశాడు. రాణి ఏం చేసిందంటే, దక్షిణ ఈజిప్టు అధికారికి ఉత్తరం రాసింది: మావాడు వెళ్ళేదాకా ఆయన మనుషుల్ని ఆపు, లేకపోతే నీ తల ఉండదు. పాపం ఆ అధికారి బండ్లు లేవు, ఒంటెలు లేవు, దారి చూపేవాళ్ళు లేరు అని చక్రవర్తి మనుషుల్ని కూర్చోబెట్టాడు. ఈలోగా జూలియన్ దిగాడు, ఒంటెల్ని లాక్కుని వెళ్ళిపోయాడు. ఏం చెయ్యను, బలవంతంగా పట్టుకుపోయాడు, రాణిగారితో నేను పెట్టుకోలేను అని అధికారి చేతులెత్తేశాడు. మన దగ్గర ఏ ఆఫీసులో పని చేసినా వచ్చే టెన్షనే, ఇద్దరు పెద్దోళ్ళ మధ్య నలగడం.

జూలియన్ అక్కడ రెండేళ్ళున్నాడు. పొద్దున్న తొమ్మిదినుంచి సాయంత్రం నాలుగు దాకా గుహల్లో నీళ్ళలో, నడుముకు గుడ్డ చుట్టుకుని కూర్చుని బోధించేవాడట, అంత ఎండ. ఆ తర్వాత వెళ్ళిన లాంజినస్ కథ ఇంకా బావుంటుంది. రోమన్ రాజధాని కాన్‌స్టాంటినోపుల్ దాటనివ్వరని తెలిసి, బట్టతల కనపడకుండా విగ్గు పెట్టుకుని పారిపోయాడు. 580 ప్రాంతంలో ఆయన అలోడియాకు బయల్దేరితే మధ్యలోని మకురియా రాజు దారి ఇవ్వలేదు. చుట్టూ తిరిగి ఎడారి మీదుగా వెళ్తే 17 ఒంటెలు చచ్చిపోయాయి.

పరీక్షలో రాసేటప్పుడు విగ్గు సంగతి వదిలెయ్. జాన్ ఏ వర్గంవాడో మాత్రం తప్పకుండా రాయి, మార్కులు అక్కడే ఉంటాయి.

*ప్రశ్న: నుబియాలో రాజ్యం కొడుక్కి కాకుండా మేనల్లుడికి పోయేదంటారు, నిజమేనా? — పాలకొండ నుంచి ఒకరు*

మధ్యయుగంలో ఆ దేశం గురించి రాసినవాళ్ళు అలాగే చెప్పారు. రాజు చనిపోతే కొడుకున్నా సరే అక్క కొడుకో చెల్లెలి కొడుకో గద్దెనెక్కేవాడట. మన వైపు మేనల్లుడికి పిల్లనిచ్చి సరిపెడతాం, వాళ్ళు రాజ్యమే ఇచ్చారు. సిల్కో నాటికే ఈ పద్ధతి ఉందని మాత్రం నా మీద పెట్టి చెప్పకండి, సాక్ష్యాలన్నీ తర్వాతి కాలానివి.

*ప్రశ్న: మాది వంశధార ముంపు ఊరు, ఇప్పుడు కాలనీలో ఉంటున్నాం. ఆ నొబాటియా రాజ్యం చివరికి ఏమైంది? యుద్ధంలో పోయిందా? — హిరమండలం వైపు పాఠకుడు*

యుద్ధంలోనో కాదో తెలీదండీ. ఏడో శతాబ్దంలో ఎప్పుడో మకురియాలో కలిసిపోయింది, ఎలాగో చెప్పే కాగితం లేదు. ఫరస్ పెద్ద చర్చిని తిరిగి కట్టినప్పటి 707 నాటి శిలాఫలకం మీద మకురియా రాజు మెర్కురియోస్ పేరుంది, దాంతో పాటు నొబాటియాకు వేరే అధికారి పేరూ ఉంది. అంటే రాజు పోయాడు గానీ సీమ పేరు, దానికొక పాలకుడు మిగిలారు, అదీ కొన్ని వందల ఏళ్ళు.

నేల పోయింది మాత్రం 1960లలో. అస్వాన్ పెద్ద డ్యామ్ నీళ్ళలో ఫరస్ మునిగింది. పోలండ్ బృందం 1961 నుంచి 1964 దాకా ఇసుకతో నిండిపోయిన ఆ చర్చిని తవ్వి, గోడల మీది బొమ్మలు వందకు పైగా ఊడదీసి వార్సాకూ ఖార్టూమ్‌కూ చేర్చింది. సోంపేట అమ్మగారి అబ్బాయి చూసిన కలాబ్షా గుడిని పశ్చిమ జర్మనీవాళ్ళు రాయి రాయిగా విప్పి, 50 కిలోమీటర్ల అవతల తిరిగి నిలబెట్టారు, సిల్కో రాతతో సహా. మన నాగార్జునకొండ శిథిలాలు కొండ మీదికి ఎక్కినట్టే, ఇంచుమించు అదే రోజుల్లో.

మనుషులకు రాళ్ళకు దక్కినంత శ్రద్ధ దక్కలేదు. ఈజిప్టు వైపు నుబియన్లను కోమ్ ఒంబో దగ్గరికి, సూడాన్ వైపు వాదీ హల్ఫావాళ్ళను వందల కిలోమీటర్ల దూరంలో ఖష్మ్ ఎల్ గిర్బాకు తరలించారు, రెండు వైపులా చెరో 50 వేలమంది దాకా. నది ఒడ్డు ఖర్జూరం తోటల్లోంచి నది కనపడని కాలనీల్లోకి. అది ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. భాష మాత్రం వాళ్ళతోనే వెళ్ళింది. పాత నుబియన్ భాష నుంచి వచ్చిన నొబీన్‌ను ఇవాళ్టికీ ఇళ్ళల్లో మాట్లాడుకుంటారు.

ఫోనెన్ ఉత్తరం దొరికిన కస్ర్ ఇబ్రీమ్ కొండ ఎత్తు మీద ఉండబట్టి బతికిపోయింది. ఇప్పుడది సరస్సులో దీవి.