పింగాణీ కప్పులు చేస్తానంటోంది, ఏం చెయ్యమంటారు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. వేసవిలో ఒక వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చినప్పటి నుంచి పింగాణీ కప్పులు తప్ప మరో మాట లేదు. వాళ్ల నాన్న సీఎస్ఈ అంటున్నారు. డిజైన్ కోర్సు మంచిదా, సిరామిక్ ఇంజినీరింగా? కుండలు చేసుకోవడానికా ఇంత చదివించింది అని చుట్టాలు నవ్వుతారని టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి, రాజమండ్రి)

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. కప్పుల బదులు ఒకరికి ఫొటోగ్రఫీ, ఇంకొకరికి వంట. చుట్టాలు మాత్రం అందరి ఉత్తరాల్లోనూ ఉంటారు.

సిరామిక్ ఇంజినీరింగ్ రూర్కెలా ఎన్ఐటీలో, వారణాసి ఐఐటీలో ఉంది. మంచి కోర్సే, కానీ అందులో ఉక్కు కొలిమి లోపల పేర్చే ఇటుకల్లాంటి వాటి గురించి చెబుతారు. కప్పులు కావాలంటే అహ్మదాబాద్ ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో సిరామిక్ అండ్ గ్లాస్ డిజైన్ ఉంది. పాట నేర్చుకుంటానన్న పిల్లని మైకుల ఫ్యాక్టరీలో చేర్చకండి.

నా అనుమానమంతా వేరే దాని మీద. ఎన్ఐడీలో సీట్లు తక్కువ, రాకపోతే లక్షలు పోసి ఏదో ఒక ప్రైవేటు డిజైన్ కాలేజీలో చేర్చెయ్యడం ఇప్పుడో మోజు. నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి చదివిన చోట బ్రోషర్ నిండా స్టూడియో ఫొటోలే, కప్పులు కాల్చే కొలిమి, అదే కిల్న్, మాత్రం ఎప్పుడు చూసినా రిపేరులో ఉండేదట. నాలుగేళ్లూ కంప్యూటర్ మీద కప్పులు గీసొచ్చాడు. ఫీజు కట్టేముందు వెళ్లి, కిల్న్ ఎన్ని డిగ్రీల దాకా పోతుంది, నెలకి ఎన్నిసార్లు కాలుస్తారు అని అడగండి. ఎర్రమట్టి కుండకి వెయ్యి డిగ్రీల లోపు చాలు, పింగాణీకి దాదాపు 1300 కావాలి.

ఇక 'కుండలు' అన్నారు చూడండి, అక్కడ నాకు కోపమొచ్చింది. కుండ చేసేవాళ్లేం తక్కువ కాదు. అసలు మీ అమ్మాయి పని చేస్తుంటే ఒక్కసారైనా పక్కన కూర్చుని చూశారా? చీనామట్టిలో ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ అనే రాళ్ల పొడులు కలిపిన ఆ ముద్ద సారె మీద వెన్నలా జారుతుంది, నీళ్లు కాస్త ఎక్కువైతే కూలిపోతుంది. పచ్చి కప్పు అంచు వంగితే వేలితో సరిచెయ్యొచ్చు, బాగానే కనిపిస్తుంది, కాలి బయటికొచ్చాక చూస్తే మళ్లీ అదే వైపు వంగి ఉంటుంది. మట్టికి జ్ఞాపకం ఉంటుందంటారు ఈ పని చేసేవాళ్లు. ఇవన్నీ దాటి పల్చగా నిలిచిన కప్పుని లైటు ముందు పెడితే వెనకున్న వేళ్ల నీడ కనిపిస్తుంది. (మన ఆవకాయ జాడీని పింగాణీ అంటాం గానీ దానికి ఆ వెలుగు రాదు, అది స్టోన్‌వేర్ అనే మరో రకం.) చేసినవి చేసినట్టు పాడవుతున్నా ఆ పిల్ల మళ్లీ సారె దగ్గరికే వెళ్తోంది, మీరేమో చుట్టాల మొహాలు చూస్తున్నారు.

తిండికి లోటొస్తుందనే కదా అసలు భయం? నెల తిరిగేసరికి జీతంలా రాదు, మొదటి కొన్నేళ్లు ఇంటి మీద ఆధారపడాల్సి రావచ్చు, అది దాచను. కానీ టేబుల్‌వేర్ కంపెనీలున్నాయి, స్కూళ్లున్నాయి, హోటళ్ల ఆర్డర్లున్నాయి. రే మీకర్, డెబోరా స్మిత్ అనే అమెరికన్ పాటర్లు 1971లో పాండిచ్చేరిలో మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో నేర్చుకుని సొంత స్టూడియోలు పెట్టుకున్నవాళ్లు ఎంతోమంది. మీ పిల్ల రోడ్డున పడదు.

ఈసారి ఎన్ఐడీ రాయనివ్వండి. రాకపోతే ఒక్క ఏడాది ఎవరైనా స్టూడియో పాటర్ దగ్గర పెట్టండి. మట్టి పిసకాలి, గ్లేజ్ (కాలాక గాజులా మెరిసే పూత) పూశాక ప్రతి కప్పు అడుగూ తుడవాలి, లేకపోతే కిల్న్‌లో పలకకి అతుక్కుంటుంది. అలాంటి విసుగు పనులు ఏడాది చేశాక కూడా ఇదే కావాలంటే ఇక ఆపకండి. వాళ్ల నాన్న ఇప్పటికే ఎక్కడైనా సీఎస్ఈ సీటుకి అడ్వాన్స్ కట్టేసి ఉంటే, రీఫండ్ సంగతి ఈ వారంలోనే కనుక్కోండి.