యాభై ఏళ్ల నాటి ఏఆర్ స్పీకర్లు ఇప్పుడు కొనవచ్చా? రిపేరు చేసి, ఇంట్లో పెట్టుకుని విన్న అనుభవం

తెలిసినవాళ్లు ఏఆర్ (అకూస్టిక్ రీసెర్చ్ అనే అమెరికన్ కంపెనీ) వారి 3ఏ స్పీకర్ల జత అమ్ముతున్నారని, అంత పాత స్పీకర్లు ఇప్పుడు వినడానికి పనికొస్తాయా అని మీలో ఒకరు అడిగారు. పెట్టెలూ ఊఫర్లూ (లోపల బాస్ పలికే పెద్ద స్పీకర్లు) బాగుంటే వదులుకోకండి. ఊఫర్ అంచులతో సహా మిగతావన్నీ బాగుచేసుకోవచ్చు.

ఎనభైల మొదట్లో చదువుకోవడానికి బోస్టన్ వెళ్లినప్పుడు సాయంత్రాలు ఒక ఆడియో షాపు రిపేరు గదిలో పనిచేశాను. స్పీకర్ల పిచ్చి ఉన్నవాడికి అంతకన్నా మంచి చోటు దొరకదు. ఏఆర్, కేఎల్‌హెచ్, అడ్వెంట్ మూడూ నది అవతల కేంబ్రిడ్జ్‌లో మొదలైన కంపెనీలే, మూడింటి పుట్టుకలోనూ స్పీకర్ల రూపకర్త హెన్రీ క్లాస్ చెయ్యి ఉంది. ఆయన గురువు ఎడ్గార్ విల్చర్. బాస్ కావాలంటే బీరువా అంత పెట్టె ఉండాల్సిందే అనుకునే రోజుల్లో, కోన్‌ను (ముందుకీ వెనక్కీ కదిలి శబ్దం పుట్టించే కాగితపు గరాటు) పట్టి ఉంచే అంచును బాగా వదులు చేసి, పెట్టెను గాలి చొరబడకుండా మూసేశారాయన. లోపల చిక్కుకున్న గాలే స్ప్రింగులా కోన్‌ను వెనక్కి లాగుతుంది. బిగువైన గుడ్డ, కాగితం అంచులకన్నా ఆ గాలి సమంగా లాగుతుంది కాబట్టి, పెట్టె చిన్నదైనా కింది స్వరాలు శుభ్రంగా వస్తాయి. 1954లో ఏఆర్-1 అలా వచ్చింది. 1958లో ఏఆర్-3తో డోమ్ ట్వీటర్ (పై స్వరాలు పలికే, గుమ్మటం ఆకారపు చిన్న స్పీకర్) తెచ్చారు. మీరు అడుగుతున్న 3ఏ 1967 నాటిది.

నాకు నచ్చేది ఏఆర్ వాళ్ల పద్ధతి కూడా. ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ అనే నలుగురు తంత్రీవాద్యకారుల బృందాన్ని వేదికపై కూర్చోబెట్టి, మధ్యమధ్యలో వాళ్లు వాయిస్తున్నట్టు నటిస్తుంటే ముందే రికార్డు చేసిన సంగీతాన్ని స్పీకర్లలో వినిపించేవారు. ఎక్కడ మారిందో శ్రోతల్లో చాలామంది పోల్చుకోలేకపోయారు. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్లో ఒక గది పెట్టి వచ్చేపోయేవాళ్లు ఎంతసేపైనా విననిచ్చేవారు. అక్కడ అమ్మకాలు ఉండేవి కావు!

3ఏలు కొత్తగా వచ్చిన రోజుల్లోనే ఒక్కోటి 250 డాలర్ల దాకా ఉండేవి కాబట్టి విద్యార్థిగా నాకు అందే మాట కాదు. ఎవరో ఊఫర్ అంచులు చిరిగిన జత తెచ్చి, రిపేరు ఖర్చు విని వదిలేసి వెళ్లారు. మా ఓనరు వాటిని నాకే ఇచ్చేశాడు, "బాగుచేసుకో, నీవే" అని. ఆ మనిషికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఫోమ్ అంచు పాడైతే ముట్టుకోగానే జిగట పొడిలా రాలుతుంది. దాన్ని, కింద మిగిలిన పాత జిగురుతో సహా, కోన్ కాగితం చిరగకుండా ఓపిగ్గా గీకాలి. ఈ పనిలో సగం సమయం అక్కడే పోతుంది. తర్వాత మధ్యలోని డస్ట్ క్యాప్ (దుమ్ము పడకుండా ఉండే మూత) కోసి తీసి, వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) చుట్టూ సన్నని ప్లాస్టిక్ పట్టీలు దూర్చి నడిమికి నిలబెట్టాలి. అప్పుడు కొత్త అంచు అతికించాలి. ఆరాక పట్టీలు తీసి, వేళ్లు పరిచి కోన్‌ను మెల్లగా లోపలికి నొక్కితే ఎక్కడా రాసుకున్న చప్పుడు రాకూడదు.

ఆ జతలో మొదట వేసింది ఇంటినుంచి తెచ్చుకున్న కర్ణాటక కచేరీ ఎల్పీ. మా ఊళ్లో రేడియోలోనూ, పెళ్లి పందిళ్ల మైకుసెట్టు హారన్లలోనూ నేను విన్న మృదంగమంతా కుడివైపు వాయింపే. ఎడమవైపు రవ్వముద్ద అంటించిన తొప్పి మీద అరచెయ్యి జారితే వచ్చే ఆ గుమ్మనే నాదం హారన్లు పలకలేవు. ఈ స్పీకర్లలో అది విడిగా, బిగువు సడలకుండా వినిపించింది. తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా మోగే భాగం) అయ్యేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఆ రికార్డులో ఇంత ఉందని అప్పటిదాకా తెలియదు నాకు.

ఇండియాకు తిరిగొచ్చేటప్పుడు సామాన్లలో సగం బరువు వాటిదే, ఒక్కోటి 24 కిలోలు. ఇప్పటికీ హైదరాబాద్‌లో మా హాల్లో ఉన్నాయి. పై స్వరాలు ఈ కాలపు స్పీకర్లంత మెరుపుగా ఉండవు. పాటలో ప్రతి తాళం చప్పుడూ ముందుకు దూకాలనుకునేవాళ్లకు మందంగా అనిపిస్తాయి. గాత్రం, వయొలిన్, మృదంగం వినేవాళ్లకు మాత్రం అదే హాయి.

కొనేముందు గ్రిల్ (ముందున్న గుడ్డ తెర) తీసి చూడండి. తొలి రోజుల ఊఫర్లకు గుడ్డ అంచు ఉంటుంది, అది దీర్ఘాయువు. తర్వాతవి ఫోమ్, ఇన్నేళ్లకు కచ్చితంగా మార్చాల్సిందే. కోన్‌ను మెల్లగా నొక్కి వదలండి. నెమ్మదిగా వెనక్కొస్తే పెట్టె బిగుతుగా ఉన్నట్టు, టక్కున వస్తే ఎక్కడో గాలి పోతున్నట్టు. మధ్య, పై స్వరాల మోతాదు మార్చే వెనకున్న నాబ్‌లు తిప్పితే గరగరలాడతాయి, వయసుతో తుప్పు పడుతుంది. ట్వీటర్ మోగకపోతే అది పోయిందని కంగారు పడకండి, ముందు ఆ నాబ్‌లు విప్పి శుభ్రం చేయించండి. ఇవి 4 ఓమ్ స్పీకర్లు, అంటే కరెంటుకు అడ్డు తక్కువ, కాబట్టి ఎక్కువ లాగుతాయి. చిన్న యాంప్లిఫయర్ వేడెక్కిపోతుంది, కాబట్టి 4 ఓమ్‌కు తట్టుకునే గట్టిది వాడండి. ఊఫర్ల ఫొటో కామెంట్లలో పెడితే గుడ్డ అంచో ఫోమ్ అంచో చూసి చెబుతాను.