క్రూయిజర్‌కి మారాక నడుం నొప్పి: సమాధానం

తమ్ముడూ, ముందుకు వంగి నడిపే స్పోర్ట్స్ బైక్ యమహా ఆర్15 ఇచ్చేసి, కాళ్లు ముందుకు పెట్టి కూర్చునే క్రూయిజర్ రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 తీసుకున్నాక గుంటూరు నుంచి విజయవాడ వచ్చేసరికి నడుం పట్టేస్తోందని, బెంజ్ సర్కిల్ దగ్గర బండి తిప్పలేకపోతున్నానని రాశావు. టెన్షన్ వద్దు. పాత బండి మీద బరువు మణికట్ల మీద పడేది. ఇక్కడ కాళ్లు ముందుకుంటాయి కాబట్టి గుంత వస్తే చటుక్కున లేవలేం, దెబ్బంతా వెన్నుకే. సీట్లో బాగా వెనక్కి జరిగి కూర్చో, గుంతకి ముందే స్పీడు తగ్గించు. నేనూ మొదటి నెల మంగళగిరిలో ఆగి ఒళ్లు విరుచుకునేవాణ్ణి.

ఇది 191 కిలోలు, పాతదానికంటే దాదాపు 50 ఎక్కువ. నెమ్మదిగా తిప్పేటప్పుడు ముందు బ్రేక్ ముట్టుకోకు. హాఫ్ క్లచ్‌లో, అంటే క్లచ్ సగమే వదిలి ఉంచి, వెనక బ్రేక్ కాస్త నొక్కుతూ, వెళ్లాల్సిన వైపే చూడు. ముందు ఏదైనా ఖాళీ గ్రౌండ్‌లో నాలుగు రోజులు తిప్పు.