బి.ఇడి. ఇంటర్న్‌షిప్‌కు పోలీసు వెరిఫికేషన్: రాజీ అయిన పాత కేసును ఫారంలో రాయాలా?

ప్రశ్న: మాది కోనసీమలో ఒక గ్రామం. నేను బి.ఇడి. రెండో సంవత్సరం చదువుతున్నాను. 16 వారాల ఇంటర్న్‌షిప్‌కు నన్ను కేటాయించిన ప్రైవేటు పాఠశాల వారు పోలీసు వెరిఫికేషన్ లేనిదే పిల్లల తరగతికి పంపబోమన్నారు. 2019 జూన్ 9న బోదె నీళ్లు నారుమడికి మళ్లించే దగ్గర పక్క చేను వారితో మా నాన్నగారికి, బాబాయికి గొడవ జరిగింది. ఆపడానికి వెళ్లిన నన్ను కూడా మూడో ముద్దాయిగా చేర్చి అప్పటి ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 323, 341, 506 సెక్షన్ల (కొట్టడం, అడ్డగించడం, బెదిరించడం) కింద కేసు పెట్టారు. నన్ను అరెస్టు చేయలేదు, నోటీసు ఇచ్చారు. 2021లో లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఆ కాగితాలేవీ మా దగ్గర లేవు. పదో తరగతి మెమోలో నా పుట్టినతేదీ 2001 ఆగస్టు 12. ఆధార్‌లో పొరపాటున 1999 అని పడడం వల్ల కేసులో 19 ఏళ్లని రాశారు. ఇప్పుడు ఫారంలో ‘మీపై ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైందా?’ అని అడిగారు. జిల్లా మారింది గనుక పాత కేసు కనిపించదని, ‘లేదు’ అని రాసేయమని స్నేహితులు అంటున్నారు. రాజమండ్రిలోని మా మేనమామ గారి చిరునామాతో సర్టిఫికెట్ తెప్పిస్తానని ఒకాయన అంటున్నాడు. అసలు నేను ఉద్యోగిని కాదు, ట్రైనీని. నాకు ఈ వెరిఫికేషన్ ఎందుకు? ఏ తప్పూ చేయని నాకు ఈ గతి పట్టిందని మా అమ్మ కుమిలిపోతోంది. సలహా ఇవ్వగలరు.

జవాబు: బోదె నీళ్లు ముందు ఎవరి చేనికి పారాలో, మీరు గొడవ ఆపడానికి వెళ్లారో కలబడడానికి వెళ్లారో ఇప్పుడు ఏ అధికారీ తేల్చబోడు. ఆ సంగతి లోక్ అదాలత్‌లో రాజీతోనే ముగిసింది. మీ వ్యవహారాన్ని తేల్చే అంశం మీ ఉత్తరంలో ఒక్కటే ఉంది. దాన్ని మీరు ఆధార్ పొరపాటు గురించి చెబుతూ దాటవేశారు. మెమో ప్రకారం సంఘటన జరిగిన రోజుకు మీ వయసు 17 సంవత్సరాల 9 నెలల 28 రోజులు. అంటే చట్టం దృష్టిలో మీరు ఆనాడు బాలుడే.

జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 ప్రకారం 18 ఏళ్లు నిండనివారిని పెద్దవారితో కలిపి ఒకే కేసులో విచారించకూడదు. మీ కేసు వంటి చిన్న నేరాల్లో, బాలుడు నేరం చేసినట్టు తేలినప్పటికీ, ఆ కారణంగా అతనికి ఏ అనర్హతా అంటదని సెక్షన్ 24 చెబుతుంది. అంతకంటే మీకు ముఖ్యమైనది సెక్షన్ 74(2). కేసు ముగిసిపోయిన తరువాత, ప్రవర్తన ధ్రువపత్రం కోసమైనా సరే, బాలుడి రికార్డును పోలీసులు వెల్లడించరాదని అందులో స్పష్టంగా ఉంది. అయితే ఈ రక్షణ మీ చేతికి దానంతట అదే రాదు. రికార్డులో నేటికీ మీ వయసు 19గానే ఉంది గనుక, ఆ అంకె మారేవరకు స్టేషన్ వారికి మీరు పెద్దవారిలో ఒకరే.

ఇక్కడ ఒక మాట కఠినంగా చెప్పక తప్పదు. కేసులో వయసు తప్పు పడిందని తెలిసి కూడా, రాజీ రోజున కోర్టుకు వెళ్లి కూడా, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా, కనీసం రాజీ ఉత్తర్వు నకలైనా తీసుకోకుండా ఇంటికి వచ్చేశారు. ఉపాధ్యాయ వృత్తిలోకి రావాలనుకునే వారు ఇంతకాలం ఆ కాగితం ఊసే ఎత్తకపోవడం మామూలు అజాగ్రత్త కాదు. మీ వకీలు గారి దగ్గర ఉందనో, నాన్నగారి బీరువాలో ఉందనో ఇక అనుకోకండి.

గడువు విషయంలో మాత్రం చట్టం మీకు మేలు చేసింది. నేరం జరిగిన నాటికి తాను మైనరునన్న వాదనను ఏ కోర్టు ముందైనా, ఏ దశలోనైనా, కేసు పూర్తిగా ముగిసిన తరువాత కూడా లేవనెత్తవచ్చునని సెక్షన్ 9(2) చెబుతుంది. కాని మెజిస్ట్రేటు కోర్టు రికార్డు గదిలో చిన్న కేసుల కట్టలు ఎల్లకాలం ఉండవు, నిర్ణీత కాలం దాటితే వాటిని తీసివేస్తారు. చట్టం గడువు పెట్టలేదు కదా అని మరో రెండేళ్లు ఊరుకుంటే, హక్కు మిగిలి ఉన్నా రుజువు మిగలకపోవచ్చు.

ఆ రుజువు ఏమిటన్నది కూడా సెక్షన్ 94లోనే వరుసగా ఉంది. మొదటిది పాఠశాల ఇచ్చిన పుట్టినతేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి మెమో. అవి లేనప్పుడే పంచాయతీ లేదా మునిసిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఏదీ లేకుంటేనే వైద్య పరీక్ష. ఆధార్ ఈ వరుసలోనే లేదు. ఆధార్ పుట్టినతేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో స్పష్టం చేసింది కూడా. కాబట్టి మీ మెమో ఒక్కటే బలమైన సాక్ష్యం. దానికి తోడు మీరు ఒకటో తరగతిలో చేరిన బడి నుంచి అడ్మిషన్ రిజిస్టరు నకలు, ప్రధానోపాధ్యాయుల సంతకంతో తీసుకోండి. పదో తరగతి కంటే ఎన్నో ఏళ్ల ముందు, కేసు ఊహే లేని రోజుల్లో రాసిన తేదీ అది. దాన్ని ఎదుటివారు అనుమానించడం కష్టం. బలం చాలదేమోనన్న భయంతో కొత్తగా జనన ధ్రువపత్రం పుట్టించే పని మాత్రం చేయకండి.

ఇక స్నేహితుల సలహాలు. 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లా వేరుపడిన మాట నిజమే. జిల్లా పేరు మారితే ఎఫ్‌ఐఆర్ చెరిగిపోదు. స్టేషన్ల రికార్డులన్నీ సీసీటీఎన్ఎస్ అనే దేశవ్యాప్త కంప్యూటరు వ్యవస్థలో ఉంటాయి, కోర్టు కేసు వివరం ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో మీ నాన్నగారి పేరు కొట్టినా రావచ్చు. మేనమామ గారి చిరునామాతో సర్టిఫికెట్ తెప్పించడమైతే, మాసిపోయిన పాత కేసును కప్పడానికి కొత్త నేరం చేయడమే. మొదటిదానికి మీకు మైనరు రక్షణ ఉంది. 24 ఏళ్ల వయసులో చేసే రెండోదానికి ఏ రక్షణా ఉండదు. ఆ మధ్యవర్తి ఇంటికి మళ్లీ వెళ్లవద్దు.

‘లేదు’ అని రాస్తే ఏమవుతుందో చెప్పే తీర్పు ఒకటుంది. కేంద్రీయ విద్యాలయ సంఘటన్ కేసులో (2003) ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు 323, 341 వంటి సెక్షన్ల కేసునే ఫారంలో దాచారు. తరువాత ప్రభుత్వం ఆ కేసును ఉపసంహరించుకుంది. అయినా దాచినందుకు ఆయనను తొలగించడం సబబేనని సుప్రీంకోర్టు అన్నది. ఫారం ఇంగ్లీషులో ఉండడం వల్ల అర్థం కాలేదన్న వాదన నిలవలేదు. 2016 నాటి అవతార్ సింగ్ తీర్పు కొంత మెత్తబడి, చిన్న కేసును దాచినా మన్నించే విచక్షణ యాజమాన్యానికి ఉందని చెప్పింది. అయితే నిజం చెప్పినవారి పూర్వాపరాలను పరిశీలించే హక్కు కూడా యాజమాన్యానికి ఉందని అదే తీర్పు చెబుతుంది. అరెస్టు కాలేదన్న మాట మీకు ఉపయోగపడదు. ఫారం అడిగింది కేసు నమోదైందా అని.

ట్రైనీకి వెరిఫికేషన్ ఎందుకన్నారు. 2020 మార్చి 9న వచ్చిన పోక్సో (లైంగిక నేరాల నుంచి పిల్లల రక్షణ చట్టం) నిబంధనల ప్రకారం పిల్లలతో మెలిగే సిబ్బందికి, రెగ్యులరైనా కాంట్రాక్టయినా, బోధించేవారైనా కాకపోయినా, పోలీసు వెరిఫికేషన్ చేయించడం పాఠశాల బాధ్యత. ట్రైనీ ఉద్యోగి కాదన్న వాదన అక్షరాలా చూస్తే కొంత నిలుస్తుంది. కాని ఆ వాదన చేయవద్దని నా సలహా. నాలుగు నెలలు మీ ముందు కూర్చునే పిల్లల తల్లిదండ్రులు అడగదగిన ప్రశ్ననే ఆ పాఠశాల అడుగుతోంది. ఇలా అడగకుండా తరగతిలోకి పంపే పాఠశాలలను చూస్తేనే నాకు భయం.

ఇప్పుడు చేయవలసినది ఇది. ముందుగా ఈ-కోర్ట్స్‌లో సి.సి. నంబరు (కోర్టులో కేసుకు ఇచ్చిన నంబరు) కనుక్కొని, ఆ మెజిస్ట్రేటు కోర్టులో కాపీ అప్లికేషన్ వేసి ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు, లోక్ అదాలత్ ఉత్తర్వుల సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. మీపై పెట్టిన సెక్షన్లు రాజీకి వీలైనవే. చట్టప్రకారం రాజీ అయిన కేసు నిర్దోషిగా విడుదలైనదానితో సమానం. ఆ మాట కాగితం మీద ఉండాలి. తరువాత అదే కోర్టులో సెక్షన్ 9(2) కింద పిటిషన్ వేసి, మెమోను, అడ్మిషన్ రిజిస్టరు నకలును జతపరచి, సంఘటన నాటికి మీరు మైనరని నిర్ధారించమని కోరండి. ఆ ఉత్తర్వు రాగానే దాని నకలుతో జిల్లా ఎస్పీ గారికి అర్జీ పెట్టి, సెక్షన్ 74(2) ప్రకారం ఆ రికార్డును ధ్రువపత్రాల్లో చూపరాదని అడగండి.

ఉత్తర్వు వచ్చేలోగా ఫారం ఇవ్వవలసి వస్తే, ఆ గడిలో ‘అవును’ అని రాసి, విడిగా ఒక కాగితం జతచేయండి. అందులో కేసు నంబరు, కోర్టు పేరు, రాజీ తేదీ, సంఘటన నాటి మీ వయసు, మైనరు నిర్ధారణకు పిటిషన్ వేసిన సంగతి మాత్రమే ఉండాలి. గొడవ ఎవరు మొదలుపెట్టారో, అమ్మ ఎంత బాధపడుతోందో రాయకండి. ఈ జవాబునే రేపు డీఎస్సీ (ప్రభుత్వ ఉపాధ్యాయ నియామకం) ధ్రువీకరణలోనూ రాయవలసి ఉంటుంది గనుక ఒక ప్రతి దాచుకోండి. పాఠశాల వారు ఒప్పుకోకపోతే వారితో వాదనకు దిగకుండా, ఇంటర్న్‌షిప్ తేదీ దాటిపోకముందే మరో పాఠశాలకు మార్చమని మీ కళాశాల ప్రిన్సిపాల్ గారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి.