కాళ్ళ నరాలు ఉబ్బినవాళ్ళు ఏ సాక్సులు కొనాలి? ఒక టైలర్ జవాబు

టీచర్ గారూ, మీరు అడిగింది ఇదీ: రోజుకి ఆరు పీరియడ్లు నిలబడే చెప్తాను, సాయంత్రానికి పిక్కల మీద నరాలు ఉబ్బి పాదాలు బరువెక్కుతున్నాయి, కాలిని బిగించి పట్టే కంప్రెషన్ సాక్సులు వేసుకోమన్నారు, విజయవాడ ఎండల్లో హాయిగా ఉండేవి ఏ కంపెనీవి అని. కంపెనీ పేరు నేను చెప్పను. చెప్పినా ఉపయోగం లేదు, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నేను డాక్టర్ని కాదు. గుంటూరు అరండల్‌పేటలో ముప్పై ఏళ్ళుగా ప్యాంట్లూ షర్టులూ కోసే కటింగ్ మాస్టర్ని. మిషను మీద కూర్చునేవాడికి నడుం పోతుంది, బల్ల దగ్గర నిలబడేవాడికి కాళ్ళు పోతాయి. మా పనిలో పంపకాలు అలా ఉంటాయి. నా వాటాకి కాళ్ళు వచ్చాయి.

ముందు ఒక గొడవ చెప్పాలి. మన తెలుగులో రక్తం పారేదీ నరమే, తిమ్మిరెక్కేదీ నరమే. పుస్తకాల్లో సిర, ధమని, నాడి అని వేరువేరు మాటలున్నాయి గానీ హైస్కూలు సైన్సు పరీక్ష రాసి బయటికొచ్చాక వాటిని నోటితో అన్నవాణ్ణి నేను చూడలేదు. "కాలి మీద నరాలు ఉబ్బాయిరా" అంటే మా బావమరిది "అయితే నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళు బావా" అన్నాడు. వెళ్ళాను. కొత్తపేటలో టోకెన్ తీసుకుని మూడు గంటలు కూర్చున్నాక, కూర్చోవడం ఏమిటి లెండి, గోడకి ఆనుకుని నిలబడ్డాక, ఆయన నా కాలు చూసి నవ్వారు. "ఇది నేను చూసే నరం కాదండీ. ఇవి వెరికోస్ వీన్స్, అంటే రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్ళే సిరలు ఉబ్బడం. రక్తనాళాలు చూసే వాస్క్యులర్ సర్జన్‌కి చూపించుకోండి" అన్నారు. ఫీజు మాత్రం ఆయన నరానికే కట్టాను.

అది మే నెల చివర. వాస్క్యులర్ సర్జన్ దగ్గరికి వెళ్ళే తీరిక ఎక్కడిది? రెండు స్కూళ్ళ యూనిఫాం ఆర్డరు నెత్తిమీదుంది, నాలుగొందల ప్యాంట్లు. దారిలో ఒక మందుల షాపులో ఆగి సాక్సులు అడిగాను. కుర్రాడు నన్ను కింద నుంచి పైకి ఒక్కసారి చూసి "మీకు ఎల్ సరిపోద్ది అంకుల్" అన్నాడు. "తొడ దాకా వచ్చేది తీసుకోండి, ఎంత పొడుగుంటే అంత పవరు" అని కూడా అన్నాడు. మనిషిని కంటితో చూసి కొలత చెప్పేవాడు నా దగ్గర పనికి చేరితే మధ్యాహ్నం భోజనం పెట్టి పంపించేస్తాను. అలాంటి నేను మెడలో టేపు అలాగే వేలాడుతుండగా 1,350 రూపాయలు ఇచ్చి ఆ ఎల్ తెచ్చుకున్నాను.

రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి షాపులోనే వేసుకున్నాను. తొడ దగ్గర జారకుండా సిలికాన్ పట్టీ ఒకటి ఉంటుంది, మన చెమట ముందు అదెంత? పదింటికి సాక్సు మోకాలి మీదికి దిగింది, పన్నెండింటికి మోకాలి కిందికి. లాగుతాను, జారుతుంది. నలుగురిలో నిలబడి ప్యాంటు లోపల చెయ్యి పెట్టి లాక్కోవడం మర్యాదా? చివరికి విసుగొచ్చి, ఎక్కువైన గుడ్డంతా మోకాలి కింద మూడు మడతలు వేసి దిగ్గొట్టేశాను, చొక్కా చేతులు మడిచినట్టు. అమ్మయ్య, ఇక జారలేదు. ఆ కాసేపు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఒక పట్టీ మీద ఇంకో పట్టీ వేస్తే బిగుతు రెండింతలవుతుందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, అది నా పనే. కానీ గుడ్డ నా ఒంటి మీద ఉన్నప్పుడు ఆ తెలివి రాలేదు. ఆరింటికి ఎడమ కాలు మొద్దుబారింది. నిలబడి నిలబడి అనుకున్నాను. ఎనిమిదిన్నరకి మా ఆవిడ క్యారేజీ తెచ్చి బల్ల మీద పెడుతూ కిందికి చూసి "అదేంటండీ ఆ వేళ్ళు?" అంది. నేరేడుపండు రంగులో ఉన్నాయి. పాదం పొంగి చెప్పులోంచి బయటికొచ్చింది.

లాగితే వస్తేగా! వాచిన కాలు, చెమటకి తడిసిన నైలాను. కాజాలు తీసే కుర్రాడు మడమ పట్టుకున్నాడు, ఆవిడ పైనుంచి గోళ్ళతో లాగింది, నేను కుర్చీ చేతులు పట్టుకుని కేకలు. చివరికి ఆవిడే అంది, "ముప్పై ఏళ్ళనుంచి ఊళ్ళోవాళ్ళ గుడ్డలన్నీ కోస్తున్నారు, ఇదొక్కటి కొయ్యలేరా?" పెద్ద కత్తెర తీశాను. చర్మానికీ గుడ్డకీ మధ్య వేలు దూరిస్తే వేలు కూడా నలిగింది, అంత బిగుతు. గుడ్డ కోసేటప్పుడు చెయ్యి వణకడం నా సర్వీసులో అదే మొదలు. మడత తెగగానే కాల్లోకి వేడి నీళ్ళు పోసినట్టు రక్తం దిగింది. మొలతాడు అచ్చులాంటి గాడి రెండు రోజులు పోలేదు. ఆ ముక్కలు ఇప్పటికీ సొరుగులో ఉన్నాయి, సాక్సుల సలహా అడిగినవాళ్ళకి చూపిస్తాను.

ఆర్డరు అప్పజెప్పాక జూన్‌లో విజయవాడ సూర్యారావుపేటలో వాస్క్యులర్ సర్జన్‌ని కలిశాను. ఆయన సాక్సు మాట ఎత్తలేదు. ముందు పాదం మీద రెండు వేళ్ళు ఆనించి నాడి కొట్టుకుంటోందా అని చూశారు. తర్వాత నిలబెట్టి కలర్ డాప్లర్ తీశారు, రక్తం ఎటు పారుతోందో రంగుల్లో చూపించే స్కానింగ్ అది. పిక్క నొక్కి వదిలితే పైకి వెళ్ళాల్సిన రక్తం వెనక్కి కారుతోంది, స్క్రీన్ మీద రంగు మారడం నేనే చూశాను. సిరల్లో ఒకవైపే తెరుచుకునే తలుపుల్లాంటి కవాటాలుంటాయి, నావి సరిగ్గా మూసుకోవడం లేదు. నడుస్తుంటే పిక్క కండ పిండి రక్తాన్ని పైకి తోస్తుంది. ఒక్కచోట కదలకుండా నిలబడితే తోసేవాడు ఉండడు. మీకూ నాకూ అక్కడే వచ్చింది తంటా.

మోకాలి కింది దాకా, క్లాస్ 2, వేళ్ళు బయటికి ఉండేది అని రాసిచ్చారు. ఒత్తిడిని బీపీ లాగానే పాదరసం మిల్లీమీటర్లలో చెప్తారు. క్లాస్ 1 అంటే 18 నుంచి 21, క్లాస్ 2 అంటే 23 నుంచి 32. కొన్ని పెట్టెల మీద క్లాసు ఉండదు, 15–20 అనో 20–30 అనో ఉంటుంది. చీలమండ దగ్గర అన్నిటికంటే బిగుతు, పైకి వెళ్ళేకొద్దీ లూజు. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే చుడీదార్ బాటం లాంటి కటింగ్. ఏ క్లాసు అన్నది మీ డాక్టరు రాసిచ్చేదే, షాపు కుర్రాడిది కాదు, నాదీ కాదు.

అక్కడ ఒక అమ్మాయి టేపు తీసి, వాచీ చూసి, మళ్ళీ చుట్టేసింది. "పదకొండైంది సార్. గుంటూరు నుంచి బస్సులో కాళ్ళు వేలాడేసుకుని వచ్చారు. ఇప్పుడు తీస్తే వాపు కొలత వస్తుంది. రేపు పొద్దున మంచం దిగకముందు మీరే కొలిచి ఫోన్ చెయ్యండి, టైలరే కదా" అంది. నా వృత్తి నాకు నేర్పింది ఆ పిల్ల! ప్యాంటు కొలతకి వచ్చినవాడు జేబులో పర్సు పెట్టుకుని నిలబడితే తియ్యమనే నేను, కాలి వాపు సంగతి ఆలోచించలేదు.

మర్నాడు ఐదింటికి మంచం మీదే కొలిచాను. చీలమండ ఎముక పైన అన్నిటికంటే సన్నగా ఉన్న చోట 22.5. పిక్క లావుగా ఉన్న చోట 37. మోకాలి వెనక మడత కింది నుంచి మడమ దాకా 41. అన్నీ సెంటీమీటర్లే, అంగుళాల్లో చెప్తే పెట్టె వెనక పట్టికతో కలవదు. ఆర్డరు పుస్తకంలో పేరు దగ్గర నా పేరు రాసుకున్నది ఆ రోజే. పట్టికలో చూస్తే నాది ఎం. కుర్రాడిచ్చిన ఎల్ ఊరికే జారిందా మరి?

కాబట్టి హాయి గుడ్డలో లేదు, కొలతలో ఉంది. రాసిస్తాను కావాలంటే. మెత్తటి కాటన్ అని అడుగుతారు అందరూ. అచ్చం కాటన్‌కి సాగే గుణం ఎక్కడుంది? లోపల ఎలాస్టిక్ నూలు ఉండి తీరాలి. కాటన్ కలిసినవి ఒంటికి కాస్త మెత్తగా ఉంటాయి, మందంగానూ ఉంటాయి, మీ ఇష్టం. ఆన్‌లైన్‌లో 299కి ఫ్రీ సైజు అని వస్తున్నాయి చూడండి, ఫ్రీ సైజు అనేది నైటీకి సరిపోయే మాట. దానికి తోడు ప్యాకెట్ విప్పితే వాపసు లేదంటారు. విప్పకుండా ఎలా తెలుస్తుంది నాయనా? మా దగ్గర ట్రయల్ వేసి చూడకుండా డబ్బులే తీసుకోం.

మీకు మెట్టెలుంటాయి కాబట్టి వేళ్ళు బయటికుండేదే తీసుకోండి. పట్టీలు తీసి పక్కన పెట్టండి, ఒక్క కొక్కెం తగిలితే పోగు లేచిపోతుంది. పొద్దున లేవగానే వాపు రాకముందే వేసుకోవాలి, రాత్రి పడుకునేటప్పుడు తీసెయ్యాలి. వేసుకోవడం మొదటి వారం కుస్తీయే. మడమ దాకా లోపలి వైపు బయటికి తిప్పి, పాదం దూర్చి, మడమ సరిగ్గా కూర్చున్నాక కొంచెం కొంచెంగా పైకి జరపాలి. చివర పట్టుకుని లాగకండి. గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు తొడుక్కుంటే అరచేత్తో నిమిరినా జరుగుతుంది. నేను కోటు లైనింగు సాటిన్ ముక్కతో పాదానికి ఒక సంచీ కుట్టుకున్నాను. అది తొడిగి దాని మీద సాక్సు జార్చి, వేళ్ళ దగ్గర్నుంచి సంచీ లాగేస్తాను. పల్చటి ప్లాస్టిక్ కవరుతోనూ అవుతుంది. పైన ఎక్కువైతే మడత మాత్రం పెట్టొద్దు, నా సొరుగు గుర్తు తెచ్చుకోండి. మామూలు సబ్బుతో చేత్తో ఉతికి, పిండకుండా నీడలో ఆరెయ్యాలి. ఎలాస్టిక్‌కి వేడి పడదు, నిక్కరు నడుం పట్టీ గతే దీనికీ పడుతుంది. రెండు జతలు మార్చి మార్చి వాడితే మంచిది. ఆర్నెల్లకి పట్టు తగ్గిపోతుంది, తేలిగ్గా ఎక్కేస్తోంది హమ్మయ్య అనుకున్నారంటే కొత్తది కొనే రోజు వచ్చిందన్నమాట.

ఎండాకాలం సంగతి అబద్ధం చెప్పను. మేలో హాయిగా ఉండదు. ఇస్త్రీకి వాడే నీళ్ళ స్ప్రే ఉంటుంది కదా, సాక్సు మీదే రెండుసార్లు కొట్టుకుని ఫ్యాను కింద నిలబడతాను. అరగంట చల్లగా ఉంటుంది.

ఒక్కటి మాత్రం నవ్వులాటకి తీసుకోకండి. పెదకాకానిలో ఉండే మా మావయ్యకి షుగరు, నలభై ఏళ్ళు చుట్ట కాల్చారు. వంద గజాలు నడిస్తే పిక్క పట్టేసి ఆగిపోతారు, కాసేపు నిలబడితే తగ్గుతుంది. "అల్లుడూ, నీ సాక్సులు ఒక జత నాకివ్వు" అన్నారు. ఇవ్వలేదు, అలిగారు. అది రక్తం కిందికి దిగని జబ్బు. దాని మీద బిగుతు వేస్తే దిగే ఆ కాస్తా ఆగుతుంది. చేతికి చూసినట్టే చీలమండకీ బీపీ చూసి, రెండూ పోల్చి చెప్తారు డాక్టర్లు. షుగరున్నవాళ్ళు అది చూపించుకోకుండా కొనొద్దు. అలాగే ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, నొప్పి పెట్టి, వేడిగా ఉంటే సాక్సులు వెతుక్కోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. సాక్సు కవాటాన్ని బాగుచెయ్యదు, వేసుకున్నంతసేపు ఆసరా ఇస్తుంది అంతే. పాడైన సిరని లేజర్‌తో మూసే చికిత్స చేయించుకోమన్నారు నన్ను, దసరా తర్వాత అంటూ రెండు దసరాలు దాటించాను. నన్నడిగితే ఈ జబ్బులో సగం స్టూలు లేకపోవడం వల్ల వచ్చేదే. డాక్టర్లు ఒప్పుకోరేమో, వంశం అంటారు, వయసు అంటారు, కాన్పులు అంటారు. సరే. కానీ విజయవాడ వన్‌టౌన్ పాత బట్టల కొట్లలో తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ కూర్చునేవాళ్ళు. ఇప్పుడు బీసెంట్ రోడ్డులో ఏ షోరూముకైనా వెళ్ళండి, అద్దాల కౌంటరు వెనక ఆడపిల్లలు పది గంటలు నిలబడే ఉంటారు. కస్టమరు లేకపోయినా సరే, కూర్చుంటే మేనేజరు చూపు. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టం సవరించి, కొట్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే వీలు ఉండాలన్నారు. కూర్చోవడానికి చట్టం కావాల్సి వచ్చింది చూడండి!

నా షాపులో ఎత్తు స్టూళ్ళు మూడు చేయించాను. కత్తెర పెట్టేటప్పుడు నిలబడక తప్పదు గానీ, సుద్దతో గీసే పనంతా కూర్చుని చెయ్యొచ్చని యాభై దాటాక తెలిసింది. మా గురువు గారు కూర్చుని గీస్తే చెయ్యి మీద కొట్టేవారు.

కిందటేడు యూనిఫాం కొలతలకి ఒక స్కూలుకి వెళ్ళాను. ఏ క్లాసు రూములోనూ టీచరుకి కుర్చీ లేదు. అడిగితే, కుర్చీ ఉంటే పాఠం చెప్పరట, అందుకే తీయించేశారట. ఒక మేడం కిటికీ గట్టుకి ఆనుకుని ఒక్కో కాలూ మార్చుకుంటూ లెక్కలు చెప్తోంది. ఆవిడ పిక్కలు ఎలా ఉన్నాయో నాకు చూడకుండానే తెలుసు.

మీ స్కూల్లో కుర్చీ ఉందో లేదో మీరు రాయలేదు. అది రాయండి. పొద్దున తీసిన కొలతలు మూడూ సెంటీమీటర్లలో పెట్టండి, ఏ సైజో చూసి చెప్తాను. బడి నుంచి వచ్చాక తీసినవైతే పెట్టకండి.