బీఎస్సీ కెమిస్ట్రీ తర్వాత విదేశీ బిజినెస్ స్కూల్: ఎంబీఏకి అంత తొందరెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉంది. మార్కులు బాగానే వస్తాయి. డిగ్రీ అవ్వగానే విదేశాల్లో ఎంబీఏ చేయించాలని అనుకుంటున్నాం. ఒక కన్సల్టెన్సీ వాళ్లు అమెరికాలో ఎంఎస్ బిజినెస్ అనలిటిక్స్ చేస్తే మూడేళ్లు అక్కడే ఉద్యోగం చేసుకోవచ్చంటున్నారు. తెలిసినవాళ్లు యూరప్‌లో మాస్టర్స్ ఇన్ మేనేజ్‌మెంట్ మేలంటున్నారు. ఈ మూడింటిలో ఏది మంచిది? కామర్స్, బీబీఏ చదివిన పిల్లల మధ్య మా అమ్మాయి నెగ్గుకురాగలదా? ఇన్నాళ్లు చదివిన సైన్స్ అంతా వృథా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి

జవాబు:

సార్, మీరు అడిగింది మూడు కోర్సుల పోలిక. మీ అసలు దిగులు మాత్రం చివరి రెండు వాక్యాల్లో ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తుంటాయి. ఒకరి పిల్లలది ఫిజిక్స్, ఇంకొకరి పిల్లలది మైక్రోబయాలజీ. సబ్జెక్టు మారుతుంది గానీ దిగులు ఒకటే. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం, పోలిక తర్వాత.

వృథా కాదు. మిమ్మల్ని ఊరడించడానికి అంటున్న మాట కాదిది. అమెరికాలో బిజినెస్ స్కూళ్ల చదువులో పస లేదని 1959లో రెండు పెద్ద నివేదికలు వచ్చాయి. ఒకటి ఫోర్డ్ ఫౌండేషన్ చేయించింది, ఇంకొకటి కార్నెగీ కార్పొరేషన్ చేయించింది. స్టాటిస్టిక్స్, గణితం, ఆర్థికశాస్త్రం ఆ స్కూళ్లలో గట్టిగా నాటుకున్నది ఆ తర్వాతే. లెక్క వేసి, ఆధారం చూపించి, ఆ తర్వాత నిర్ణయం చెప్పమనే పద్ధతి అక్కడిది. ల్యాబ్‌లో మూడేళ్లు గడిపిన పిల్లకి అది కొత్త కాదు.

ఒక ఉదాహరణ చెప్తాను. మీ అమ్మాయిలాగే కెమిస్ట్రీ చదివిన ఒక విద్యార్థిని తన ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకు చేయాలనుకుంటున్నారో చెప్తూ దరఖాస్తుతో ఇచ్చే వ్యాసం) పట్టుకొని నా దగ్గరికి వచ్చింది. మొదటి వాక్యం: ‘చిన్నప్పటి నుంచి నాలో నాయకత్వ లక్షణాలు ఉన్నాయి.’ కొట్టేయమన్నాను. ల్యాబ్‌లో ఏం చేశావని అడిగితే చాలాసేపు నసిగి, చివరికి అసలు విషయం చెప్పింది. హెచ్‌పీఎల్‌సీ మెషీన్‌కి (మందుల్లాంటి వాటిలో ఏ పదార్థం ఎంత ఉందో తేల్చేది) కావాల్సిన ఎసిటోనైట్రైల్ అనే ద్రావకం మాటిమాటికీ అయిపోయి అందరి ప్రాజెక్టులూ ఆగిపోతుండేవట. మిగతావాళ్లు స్టోర్ కీపర్‌ని తిట్టుకుంటుంటే ఈ అమ్మాయి స్టాకు రిజిస్టరు తిరగేసింది. ఆఖరి సీసా మూత తీసిన రోజునే ఇండెంటు రాస్తున్నారు, సరుకు రావడానికేమో వారాలు పడుతోంది. ఇన్ని సీసాలు మిగలగానే ఇండెంటు పెట్టాలని ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకి అంటించింది. దీన్ని బిజినెస్ స్కూల్లో రీఆర్డర్ పాయింట్ అంటారు, ఆపరేషన్స్ క్లాసులో మొదట్లోనే చెప్తారు. తను చేసింది మేనేజ్‌మెంట్ అని ఆ పిల్లకే తెలియదు.

ఎసిటోనైట్రైల్ అన్నాను కదా, దాని కథ ఇంకా ఉంది. ప్లాస్టిక్‌ల తయారీలో వాడే అక్రిలోనైట్రైల్ తయారు చేస్తుంటే పక్కన వచ్చే పదార్థం అది. 2008 చివర్లో ఆర్థిక మాంద్యం వల్ల కార్లకు, ప్లాస్టిక్‌కు గిరాకీ పడిపోయింది. దాంతో అక్రిలోనైట్రైల్ ఉత్పత్తి తగ్గింది, ఎసిటోనైట్రైల్ దొరక్క ప్రపంచమంతటా ల్యాబులు అల్లాడాయి. కార్లు అమ్ముడుపోకపోతే మందుల పరీక్షలు ఎందుకు ఆగుతాయో మిగతా క్లాసుకి అర్థమయ్యేలోపు మీ అమ్మాయి బోర్డు మీద రియాక్షన్ రాసి చూపించగలదు. బీబీఏ పిల్లలకు బ్యాలెన్స్ షీటు ముందే తెలుసు, నిజమే. అది నేర్చుకోవచ్చు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ వాళ్లు అకౌంటింగ్, ఎకనామిక్స్, అనలిటిక్స్ కలిపి కోర్ అనే ఆన్‌లైన్ కోర్సు 2014 నుంచి నడుపుతున్నారు. ఆ దారిలోనో, మామూలు అకౌంటింగ్ పుస్తకంతోనో వేసవి సెలవుల్లో కూర్చుంటే డెబిట్, క్రెడిట్ భయం పోతుంది.

సైన్స్ పిల్లలు నిజంగా తడబడేది వేరే చోట. లెక్కల్లో కాదు, నోరు విప్పడంలో. హార్వర్డ్‌లాంటి చోట కేస్ పద్ధతిలో, అంటే ఒక కంపెనీ సమస్యని ముందు పెట్టి చర్చిస్తూ, చదువు చెప్తారు, కోర్సు గ్రేడులో సగం దాకా క్లాసులో మాట్లాడినదానికే ఉంటుంది. సరైన జవాబు ఒక్కటే ఉంటుందని, అది తెలిశాకే చెయ్యెత్తాలని అలవాటైన పిల్లలకు మొదటి సెమిస్టర్ నరకంలా ఉంటుంది. మీ అమ్మాయికి కోచింగ్ కావాలంటే దీనికి కావాలి. చర్చల్లో, చిన్న సభల్లో, ఎక్కడైనా సరే, సగం తెలిసిన విషయం మీద కూడా నలుగురి ముందు నిలబడి మాట్లాడనివ్వండి. ఇంట్లో మీతో వాదిస్తే అడ్డుపడకండి.

ఇప్పుడు ఎంబీఏ. డిగ్రీ అవ్వగానే విదేశంలో ఎంబీఏ అన్న ఆలోచన నాకు నచ్చలేదు. మంచి ఎంబీఏ క్లాసుల్లో కూర్చునేవాళ్లు సాధారణంగా కొన్నేళ్లు ఉద్యోగం చేసి వస్తారు. క్లాసు చర్చ నడిచేదే వాళ్ల అనుభవం మీద. ఆంబా అనే అంతర్జాతీయ సంస్థ ఎంబీఏలకు గుర్తింపు ఇవ్వాలంటే విద్యార్థులకు కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలని అడుగుతుంది. అందుకని, అనుభవం అక్కర్లేదు, వెంటనే ఎంబీఏ సీటు ఇస్తామనే కాలేజీ ఎదురైతే సంతోషించకండి, అనుమానించండి. ఫీజు కట్టేవాళ్లు దొరికితే చాలనుకునే చోట పక్కన కూర్చునేవాళ్లు ఎలా ఉంటారో మీరే ఊహించుకోండి.

తల్లిదండ్రులు నా దగ్గర ఇంద్రా నూయి పేరు తరచూ ఎత్తుతారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌తో డిగ్రీ చేసి, యేల్‌లో మేనేజ్‌మెంట్ చదివి, 2006లో పెప్సికో సీఈఓ అయ్యారని. అన్నీ నిజమే. కానీ ఆవిడ 1978లో యేల్‌కి వెళ్లేనాటికే మేనేజ్‌మెంట్ ఒకసారి చదివి, జాన్సన్ అండ్ జాన్సన్‌లో ప్రొడక్ట్ మేనేజర్‌గా పనిచేసి ఉన్నారు. ఆ మధ్య కథ ఎవరూ చెప్పరు.

ఇక మీ కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన బిజినెస్ అనలిటిక్స్, అంటే కంపెనీల డేటాని విశ్లేషించే చదువు. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి, దాచుకోను.

ముందు ఆ మూడేళ్ల మాట. అమెరికాలో చదువు పూర్తయ్యాక ఓపీటీ అనే అనుమతి కింద ఏడాది పనిచేయొచ్చు. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటే ఇంకో రెండేళ్లు పొడిగించుకోవచ్చు. అదీ ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో నమోదైన యజమాని దొరికితేనే. మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు, పొడిగింపు వచ్చాక ఇంకో 60 రోజులు కలుస్తాయి. అంటే అమెరికా ఇచ్చేది పనిచేసుకునే అనుమతి. ఉద్యోగం ఎవరూ ఇవ్వరు, అది అమ్మాయే వెతుక్కోవాలి, అదీ గడియారం తిరుగుతుండగా. ఆ పైన హెచ్-1బి వీసా ఉంది. ఏడాదికి 85,000, అందులో 20,000 అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకి. దరఖాస్తులు మించిపోతే ఎంపికలో పేరు రావాలి. చాలామంది ఇంకో పొరపాటు కూడా పడతారు. అమ్మాయి బీఎస్సీ సైన్సే కదా, ఏ ఎంబీఏ చేసినా స్టెమ్ కింద వస్తుందనుకుంటారు. రాదు. లెక్కలోకి తీసుకునేది అమెరికాలో తెచ్చుకున్న డిగ్రీనే.

ఇక చదువు. ఈ కోర్సులు చాలావరకు ఏడాదిలో ముగిసిపోతాయి. పైథాన్ కోడింగ్, డేటాబేసుల నుంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్, రిగ్రెషన్ అనే స్టాటిస్టిక్స్ పద్ధతి, డాష్‌బోర్డులు, చివర్లో ఒక ప్రాజెక్టు. మధ్యలో వేసవి ఉండదు కాబట్టి ఇంటర్న్‌షిప్ కుదరడం కష్టం. బయట పనిచేయడానికి ఇచ్చే సీపీటీ అనుమతికి మామూలుగా ఒక విద్యా సంవత్సరం పూర్తవ్వాలి, అది పూర్తయ్యేసరికి కోర్సూ పూర్తవుతుంది. బయటికొచ్చాక కోడింగ్ ఉద్యోగాలకు కంప్యూటర్ సైన్స్ వాళ్లతో పోటీ, మోడల్స్ కట్టే పనికి స్టాటిస్టిక్స్ వాళ్లతో పోటీ, క్లయింటుతో మాట్లాడే పనికి ఎంబీఏ వాళ్లతో పోటీ. మూడు చోట్లా రెండో వరుసలో నిలబడాల్సి వస్తుంది. పైగా కొత్తగా చేరినవాళ్లకి ఇచ్చే పనులు, అంటే డేటా శుభ్రం చేయడం, చార్టులు గీయడంలాంటివి, ఇప్పుడు ఏఐ టూల్స్ చకచకా చేసేస్తున్నాయి. నా ఉద్దేశంలో ఈ కోర్సుకి ఇంత గిరాకీ చదువు కోసం కాదు, స్టెమ్ ముద్ర కోసం. అంత డబ్బు పోసి వర్క్ పర్మిట్ కొనుక్కుంటున్నారని నాకు అనిపిస్తుంది.

అందరికీ పనికిరాదనీ అనను. అంకెలంటే నిజంగా ఇష్టమున్న కెమిస్ట్రీ పిల్లకి, ఫార్మా కంపెనీల్లో క్లినికల్ ట్రయల్ డేటా వైపు వెళ్లాలనుకునే పిల్లకి ఇది బాగా కుదరవచ్చు. అక్కడ సబ్జెక్టు తెలిసినవాళ్లకు విలువ ఉంటుంది. తేల్చుకోవడానికి ఖర్చేమీ లేదు. ఎస్‌క్యూఎల్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఈ సెలవుల్లో కూర్చోమనండి. అన్నానికి పిలిస్తే ‘ఒక్క నిమిషం’ అంటోందా, ఎవరైనా పిలిస్తే బాగుండని చూస్తోందా, మీకే తెలుస్తుంది.

మాస్టర్స్ ఇన్ మేనేజ్‌మెంట్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, ఎందుకంటే దాన్ని పెట్టిందే ఇలాంటి పిల్లల కోసం. అనుభవం లేకపోయినా, కొద్దిగా ఉన్నా చేరొచ్చు. హెచ్ఈసీ పారిస్, లండన్ బిజినెస్ స్కూల్‌లో ఉంది, ఇన్సియాడ్ కూడా 2020లో మొదలుపెట్టింది. కేంబ్రిడ్జ్‌లో ఎంఫిల్ ఇన్ మేనేజ్‌మెంట్ అయితే ఇంతకుముందు మేనేజ్‌మెంట్ చదవనివాళ్ల కోసమే. యూరప్‌లో మూడేళ్ల డిగ్రీ మామూలే కాబట్టి డిగ్రీ ఎన్నేళ్లదన్న చిక్కూ తక్కువ. అమెరికాలో కొన్నిచోట్ల నాలుగేళ్ల డిగ్రీ అడుగుతారు, ముందే కనుక్కోండి. జర్మనీలో ఒక మెలిక ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో మేనేజ్‌మెంట్ మాస్టర్స్‌కి చాలాచోట్ల డిగ్రీలోనే బిజినెస్ సబ్జెక్టుల క్రెడిట్లు ఉండాలి, కెమిస్ట్రీ విద్యార్థి దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. మ్యూనిక్‌లోని టెక్నికల్ యూనివర్సిటీ టీయూఎంలో సైన్స్, ఇంజినీరింగ్ వాళ్ల కోసం వేరుగా కోర్సు ఉంది. జర్మనీ అంటే ఫీజు ఉండదన్న నమ్మకంతో మాత్రం వెళ్లకండి. ఈ యూనివర్సిటీ 2024-25 శీతాకాలం నుంచి యూరోపియన్ యూనియన్ బయటివాళ్ల దగ్గర మాస్టర్స్‌కి సెమిస్టరుకు 4,000 నుంచి 6,000 యూరోలు తీసుకుంటోంది. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి జర్మనీలో 18 నెలలు, ఫ్రాన్స్‌లో ఏడాది ఇస్తున్నారు. పాఠాలు ఇంగ్లిషులో చెప్పినా ఉద్యోగం మాత్రం అక్కడి భాష అడుగుతుంది. ఫ్రెంచో, జర్మనో ఇప్పటి నుంచే మొదలుపెట్టకపోతే ఆ గడువు సరిపోదు.

మీ అమ్మాయిలాంటి వాళ్లకి ఇంకో దారి ఉంది, మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. హార్వర్డ్‌లో 2+2 అని ఒక పథకం. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగానే దరఖాస్తు చేయాలి. సీటు వస్తే రెండు నుంచి నాలుగేళ్లు ఎక్కడైనా ఉద్యోగం చేసి, ఆ తర్వాత ఎంబీఏలో చేరాలి. స్టాన్‌ఫర్డ్, వార్టన్‌లోనూ ఇలాంటివి ఉన్నాయి. పోటీ విపరీతం. అయినా ఒకసారి రాసి చూడటంలో పోయేదేం లేదు.

ఇప్పుడు మీతో కొంచెం కటువుగా మాట్లాడాలి. మీ ఉత్తరం మళ్లీ చదువుకోండి. మేం అనుకుంటున్నాం, కన్సల్టెన్సీ వాళ్లన్నారు, తెలిసినవాళ్లన్నారు. అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. బీఎస్సీలో కెమిస్ట్రీ తనే తీసుకుందా, మీరే చేర్పించారా? ఎంబీఏ కావాలని అడిగింది ఎవరు? తనకి పీహెచ్‌డీ చేయాలని ఉంటే? అడగకుండానే కోర్సులు పోల్చుకుంటూ కూర్చున్నారు. రేపు కెమెరా ముందు కూర్చోబెట్టి, ‘కెమిస్ట్రీ వదిలి ఇటు ఎందుకొస్తున్నావ్’ అని అడిగి నిమిషం టైమిచ్చే రికార్డింగ్ ఇంటర్వ్యూలు చాలా స్కూళ్లు పెడుతున్నాయి. అక్కడ మా నాన్న అనుకున్నారని చెప్పమంటారా? ఎస్ఓపీ ఎవరిచేతో రాయించే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. ఆ కన్సల్టెన్సీ వాళ్లని కూడా సూటిగా అడగండి, మా అమ్మాయి ఆ కాలేజీలో చేరితే మీకు కమీషన్ ఎంతొస్తుందని. చాలా యూనివర్సిటీలు ఏజెంట్లకి ఇస్తాయి, అది తప్పేమీ కాదు. కానీ పేరున్న బిజినెస్ స్కూళ్లకి సాధారణంగా ఏజెంట్లతో పని ఉండదు కాబట్టి వాటి పేర్లు వాళ్ల నోట రావు. మీకు వినపడుతున్న జాబితా సగం అలా తయారైనదే.

అప్పు చేసి పంపుతుంటే మాత్రం ఒక్కటే చెప్తాను. విదేశంలో ఉద్యోగం రాకుండా తిరిగొచ్చినా ఇక్కడి జీతంతో ఆ వాయిదాలు కట్టగలమా అని లెక్క వేయండి. కట్టలేమని తేలితే ఈ ఏడాదికి ఆగండి. అమ్మాయి ఏదైనా ఫార్మాలోనో, క్వాలిటీ ల్యాబ్‌లోనో, కన్సల్టింగ్‌లోనో రెండు మూడేళ్లు పనిచేస్తే వెనకబడిపోదు. దరఖాస్తు ఇంకా బలపడుతుంది, తనకేం కావాలో తనకీ తెలుస్తుంది.

ప్రస్తుతానికి ఇలా చేయండి. పరీక్షలవ్వగానే, లెక్కలు ఇంకా చేతిలో ఉండగానే, బిజినెస్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష జీమ్యాట్ రాయించండి. ఆ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది, కాబట్టి మాస్టర్స్‌కి వెళ్లినా, ఉద్యోగం చేసి ఎంబీఏకి వెళ్లినా అదే పనికొస్తుంది. 2+2 దరఖాస్తు గడువు మామూలుగా ఏప్రిల్‌లో ఉంటుంది, దానికి వేయాలనుంటే జీమ్యాట్ అంతకుముందే అయిపోవాలి. యూరప్ స్కూళ్లలో చాలావరకు విడతలవారీగా తీసుకుంటారు, స్కాలర్‌షిప్పులు మొదటి విడతల్లోనే ఎక్కువగా అయిపోతాయి. వీసా నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి అడ్వాన్సు కట్టే ముందు ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైటు అమ్మాయినే తెరిచి చదవమనండి.