పాప వీడియోల డబ్బులో తల్లి వాటా ఎంత?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. 2020 కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మా పాప ముద్దుగా మాట్లాడుతుంటే మా మరిది వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. అప్పటి నుంచి ఛానల్, డబ్బు అన్నీ అతని చేతిలోనే. పూతరేకు పొర విరగకుండా పాప మడత పెట్టే వీడియో కోసం ఒక దుకాణంతో ఒప్పందం కూడా అతనే రాసుకున్నాడు. నాకు నెలకు పదివేలు ఇచ్చేవాడు, ఏడాదిగా అదీ లేదు. కెమెరా కొన్నది నా నగలు కుదువపెట్టి. అతని వాట్సాప్ సందేశాలున్న ఫోను పాడైతే స్టీలు గిన్నెల వాడికి ఇచ్చేశాను. మావారు కువైట్‌లో ఉన్నారు. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు పెడితే దారికి వస్తాడని మా అన్నయ్య అంటున్నాడు. పాపకు 11 ఏళ్లు. నా వాటా రాబట్టుకునేది ఎలా?

జవాబు: మీ ఉత్తరంలో తోడికోడలు పండక్కి చీర పెట్టని సంగతి కూడా ఉంది. దానితో కోర్టుకు పని లేదు. కేసును తేల్చేది మీరు చివర రాసిన రెండు మాటలు: ‘నా వాటా’. అవి వదులుకుంటేనే ఈ కేసు నిలబడుతుంది.

మీ పేరున దావా వేస్తే, మూడేళ్లు దాటిన సొమ్ముకు కాలపరిమితి, అంటే దావా వేయడానికి చట్టం పెట్టిన గడువు, అడ్డొస్తుంది. నగల డబ్బు కూడా అందులోనే కొట్టుకుపోవచ్చు. ఆ సంపాదన పాపది అంటూ పాప పేరున వేస్తే లెక్క మారిపోతుంది. కాలపరిమితి చట్టం 6, 8 సెక్షన్ల ప్రకారం మైనర్‌కు గడువు మేజర్ అయ్యాకే మొదలవుతుంది. 21 నిండేదాకా అడగవచ్చు. అంతవరకు ఆగనక్కర్లేదు, పాప తరఫున మీరు ఇప్పుడే వేయవచ్చు. అయితే మైనర్ తరఫున నిలబడేవారికి మైనర్ ప్రయోజనానికి ఎదురొచ్చే స్వార్థం ఉండకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 32 చెబుతోంది. ‘నా వాటా’ అని దావాలో రాశారా, అవతలి వకీలు మొదటి వాయిదాలోనే పట్టుకుంటాడు. మీకు ముట్టిన పదివేలు ఏం చేశారనీ అడుగుతాడు. కూర్చుని ఆ లెక్క రాయండి.

ఒప్పందంలో మరిది ‘సంరక్షకుడు’ అని సంతకం పెట్టాడు. ఆ హోదా ఎవరిచ్చారు? 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో సహజ సంరక్షకులు తండ్రి, తర్వాత తల్లి. తండ్రి అందుబాటులో లేనప్పుడు తల్లి ఆ స్థానంలో వ్యవహరించవచ్చని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాబాయి ఈ వరుసలోనే లేడు. పిల్లను దగ్గరుండి చూసుకున్నంత మాత్రాన ఆమె ఆస్తి విషయంలో వ్యవహారం నడపరాదని అదే చట్టం 11వ సెక్షన్. ఛానల్ మాత్రం అతని జీమెయిల్‌తో ఉంది, దాని కోసం కొట్లాట ఏళ్లు పడుతుంది. ముందు డబ్బు లెక్క అడగండి.

గిన్నెల వాడి సంగతి చదివి తల పట్టుకున్నాను. ‘ఈ నెల పాప డబ్బు వచ్చింది వదినా’ అని అతను పంపిన మాట, ఆ డబ్బు పాపదని అతనే ఒప్పుకున్న సాక్ష్యం. దాన్ని ఒక గిన్నెకు ఇచ్చారు! అదృష్టం కొద్దీ అది కుటుంబ గ్రూపులో పెట్టిన సందేశమని రాశారు. అంటే మీవారి ఫోనులో ఉండాలి. ఆ ఫోను యజమాని, ఒక నిపుణుడు సంతకం చేసిన ధ్రువపత్రం భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద జతపరచాలి. యూట్యూబ్ చెల్లింపులు సాధారణంగా నెలలో 21–26 తేదీల మధ్య పడతాయి. మరిది బ్యాంకు పుస్తకంలో ఆ వరుసలు తెప్పించమని కోర్టును కోరవచ్చు.

పోక్సో మాట మళ్లీ ఎత్తవద్దు. జరగనిది జరిగిందని మేజిస్ట్రేటు ముందు చెప్పాల్సింది మీ అన్నయ్య కాదు, పాప. బెదిరించడానికో డబ్బు గుంజడానికో తప్పుడు ఫిర్యాదు ఇస్తే పోక్సో చట్టం 22వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. ఆపైన మీ అసలు దావాను కూడా ఎవరూ నమ్మరు.

చేయవలసింది ఇది. పాప తరఫున మరిదికి లాయరు నోటీసు పంపి లెక్కలు అడగండి. ఇవ్వకపోతే లెక్కల కోసం దావా వేసి, వచ్చే సొమ్ము పాప పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించమని మధ్యంతర ఉత్తర్వు కోరండి. బాలనటుల ఆదాయంలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో అలా వేయాలని బాలకార్మిక నిబంధనల్లో 2017లో చేర్చారు. మన వాదనకు అది ఊతం. ఫీజు సంగతి బెంగ వద్దు. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది, మీ కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవాధికార కమిటీని అడగండి. వీటన్నిటికంటే ముందు ఈ రాత్రే కువైట్‌కు ఫోను చేసి, ఆ గ్రూపులో ఒక్క సందేశమూ తుడిచేయవద్దని మీవారికి చెప్పండి.